ఇరవై ఏళ్లుగా నిండని సెప్టిక్ ట్యాంకు: గోదావరి డెల్టాలో ఒక ఇంటి తనిఖీ

ఈ కేసు భీమవరానికి దగ్గరలోని ఒక గ్రామంలో అమ్మకానికి వచ్చిన రెండంతస్తుల ఇంటిది. కొనాలనుకున్న కుటుంబంలోని పెద్దమ్మాయి అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంటున్నారు. అక్కడ ‘టైటిల్ 5’ అనే నిబంధన కింద, సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇల్లు చేతులు మారే ముందు రెండేళ్లలోపు దానికి తనిఖీ జరిగి ఉండాలి. తాను ఇల్లు కొన్నప్పుడు అటువంటి నివేదిక చూసి ఉన్నందువల్ల, తండ్రి కొనబోయే ఇంటికి కూడా తనిఖీ చేయించాల్సిందేనని ఆమె పట్టుబట్టారు. మన దగ్గర ఇల్లు కొనేవారు దస్తావేజులు, ఈసీ, వాస్తు, గోడల పగుళ్లు, చివరికి బోరు నీటి రుచి కూడా చూస్తారు గానీ, నేల కింద ఉన్న ట్యాంకు మూత తీయించి చూసేవారు చాలా అరుదు. కాబట్టి ఇల్లూ మనుషులూ ఎవరో తెలియజేసే వివరాలు వదిలి, నేను చేసిన తనిఖీలో చూసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

అమ్మేవారు పదవీ విరమణ చేసిన మాస్టారు. ట్యాంకు గురించి అడగగానే ఆయన, “ఇరవై ఏళ్లయిందండీ కట్టి, ఇంతవరకు ఒక్కసారి కూడా నిండలేదు, ట్యాంకరును పిలిచే పనే పడలేదు” అన్నారు. ఆయన చెప్పింది నిజమే, అందులో సందేహం లేదు. అయితే ఆ ఒక్క మాటతోనే ట్యాంకులో లోపం ఉందని నాకు దాదాపు నిశ్చయమైంది. సరిగా కట్టిన సెప్టిక్ ట్యాంకు వాడకం మొదలైన కొన్ని వారాల్లోనే నిండుతుంది. ఆ తరువాత ఎప్పుడు మూత తీసినా నీరు బయటికి పోయే పైపు మట్టం దాకా నిండుగానే కనిపించాలి. ఏళ్ల తరబడి నిండలేదంటే, లోపలికి వెళ్లిన మురుగు మనకు కనపడని దారిలో ఎక్కడికో పోతున్నదని అర్థం.

ట్యాంకు చేసే పని, చేయని పని

బియ్యం కడిగిన నీటిని కదపకుండా ఉంచితే తెల్లటి పిండి అడుగుకు దిగినట్లే, ట్యాంకులో మురుగు ఒకటి రెండు రోజులు నిలకడగా ఉంటే బరువైనది మడ్డిగా అడుగుకు చేరుతుంది, జిడ్డు, నూనె వంటి తేలికైనవి తెట్టుగా పైకి తేలతాయి, మధ్యలో కొంత తేటగా ఉన్న నీరు మిగులుతుంది. గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా మడ్డిని మెల్లగా తినివేస్తుంది. అందువల్ల మడ్డి పరిమాణం తగ్గుతుందే తప్ప పూర్తిగా మాయం కాదు. బజారులో అమ్మే బ్యాక్టీరియా పొడులు వేస్తే ట్యాంకు శుభ్రం చేయించనక్కరలేదన్న ప్రచారాన్ని నేను నమ్మను. కావలసిన బ్యాక్టీరియా మలంతోనే రోజూ లోపలికి వస్తుంది. లెట్రిన్‌లో యాసిడ్ బాటిళ్లు కుమ్మరించి దాన్ని చంపకుండా ఉంటే చాలు.

చాలామంది గ్రహించని విషయం ఇంకొకటి ఉంది. ట్యాంకు నుంచి బయటికి వచ్చే ఆ తేట నీరు శుద్ధమైన నీరు కాదు. సేంద్రియ మాలిన్యం సుమారు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గవచ్చు గానీ, రోగకారక క్రిములు లక్షల సంఖ్యలో అలాగే ఉంటాయి. అసలు శుద్ధి జరిగేది ఆ నీరు నేలలోకి ఇంకేటప్పుడు, మట్టి రేణువుల మధ్య గాలి ఉండే పొడి పొరలో. నేలనీటి మట్టానికి పైన కొన్ని అడుగుల పొడి మట్టి ఉన్న చోట సోక్‌పిట్, అంటే ట్యాంకు నీరు నేలలోకి ఇంకే గొయ్యి, బాగానే పనిచేస్తుంది. డెల్టాలో ఆ పొడి పొర ఏడాదిలో చాలా నెలలు ఉండదు. ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు వదిలి, దానికి వానలు కూడా తోడైతే ఈ గ్రామంలో పలుగుతో రెండడుగులు తవ్వక ముందే ఊట పడుతుంది. పైగా చుట్టూ చేపల చెరువులు. ఇక్కడి ట్యాంకును ఏడాదిలో ఒకే రుతువులో చూసి తీర్పు చెప్పడం సరికాదని కొనేవారికి ముందే చెప్పి, కాలువలు కట్టేసిన మే నెలలో ఒకసారి, నీరు పూర్తిగా ఎక్కిన ఆగస్టులో మరొకసారి చూడడానికి వారిని ఒప్పించాను. వారు బయానా మాత్రం ఇచ్చి, రిజిస్ట్రేషన్ ఆగస్టు తనిఖీ తరువాతకు వాయిదా వేసుకున్నారు.

మే నెల తనిఖీ

ప్లాను కాగితాల్లో ట్యాంకు కొలతలు లేవు. గాలి గొట్టం ఉన్న చోటు, ఇంటి వెనుక చాంబరు నుంచి పైపు వెళ్లిన దిశ, కట్టిన మేస్త్రి జ్ఞాపకం ఈ మూడింటి ఆధారంగా దాని జాగా గుర్తించాం. రెండు మూతల్లో ఒకటి వరండాకు వేసిన టైల్స్ కిందికి పోయింది. మూత మీద టైల్స్ పరచడమంటే ఇక జన్మలో దాన్ని తెరవబోమని నిర్ణయించుకున్నట్లే. అందం కోసం చేసే ఈ పని నేను చాలా ఇళ్లలో చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. టైల్స్ పగలగొట్టించి రెండు మూతలూ తెరిపించాం.

తెరిచాక గాలి వీచి వెళ్లే పక్కన కాకుండా, గాలి వచ్చే వైపు నిలబడి, చాలాసేపు ఆగి, వాయువులను కొలిచే మీటరును తాడుతో లోపలికి దించాం. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితే ప్రమాదకరంగా లెక్కిస్తారు. ఇక్కడ మూతకు అర మీటరు దిగువన 17 శాతమే ఉంది. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా నమోదైంది. ఆ వాయువు మోతాదు పెరిగినప్పుడు ముక్కుకు వాసన తెలిసే శక్తే పోతుంది. వాసన తగ్గిందనుకుని లోపలికి వంగిన మనిషి ఆ క్షణంలోనే పడిపోతాడు, అతన్ని కాపాడబోయిన రెండో మనిషి అతని వెంటే పోతాడు.

ట్యాంకులో మొదట చూడవలసింది నీటి మట్టం. మడ్డి తీయించి శుభ్రం చేశాక పిలిస్తే ఈ ముఖ్యమైన సాక్ష్యం పోయినట్లే. మట్టం బయటికి పోయే పైపు అడుగుతో సమానంగా ఉంటే ట్యాంకు నీటిని నిలుపుతున్నదని, అంతకంటే పైన ఉంటే ముందు దారి మూసుకుపోయిందని, కింద ఉంటే ట్యాంకే కారుతున్నదని అర్థం చేసుకోవచ్చు. ఇక్కడ మట్టం పైపుకు 40 సెంటీమీటర్లు కిందుగా ఉంది. అప్పటికి ఇంట్లో ముగ్గురు రోజూ లెట్రిన్ వాడుతున్నారు, మేడ మీది వాషింగ్ మెషీన్ నీరు కూడా అందులోకే వస్తున్నది. అయినా మట్టం పైపును చేరలేదు.

లోపలి కొలతలు 2.4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు, బయటి పైపు నుంచి అడుగు దాకా 1.5 మీటర్ల లోతు. అంటే దాదాపు 4,300 లీటర్ల ట్యాంకు. సెప్టిక్ ట్యాంకులకు మన ప్రమాణమైన ఐఎస్ 2470, పదిమందికి 2 మీటర్ల పొడవు, 0.9 మీటరు వెడల్పు ఉన్న ట్యాంకును సూచిస్తుంది కాబట్టి, పరిమాణం విషయంలో మేస్త్రి ఏ లోటూ చేయలేదు. లోపం కట్టుబడిలో ఉంది. తెల్లని తువ్వాలు చుట్టిన పొడవాటి పీవీసీ పైపును మెల్లగా అడుగుకు దించి, కాసేపు ఉంచి పైకి తీస్తే మడ్డి ఎంత ఎత్తున ఉందో నల్లటి మరక చెబుతుంది. ఇక్కడ మడ్డి 70 సెంటీమీటర్లు, తెట్టు 12 సెంటీమీటర్లు వచ్చాయి. నీటి లోతులో మూడో వంతుకు మడ్డి చేరితే తీయించాలని నేను చెబుతాను. ఇక్కడ ఆ హద్దు ఎప్పుడో దాటిపోయింది. మధ్యలో మిగిలిన తేట నీరు 800 లీటర్లు మాత్రమే, అందులోకి వాషింగ్ మెషీన్ ఒక్కసారిగా నీరు వదిలితే దిగిన మడ్డి మళ్లీ లేస్తుంది.

ట్యాంకుకు నడుమ అడ్డుగోడ లేదు. 2,000 లీటర్లు దాటిన ట్యాంకుకు పొడవులో మూడింట రెండు వంతుల దగ్గర అడ్డుగోడ కట్టి రెండు గదులు చేయాలి. బయటి పైపుకు టీ (T ఆకారపు పైపు ముక్క) లేదు, నేరుగా గోడలో దూర్చిన పైపు మాత్రమే ఉంది. దానివల్ల తేలే తెట్టు యథేచ్ఛగా సోక్‌పిట్‌లోకి వెళ్లింది. లోపలికి వచ్చే పైపు కంటే బయటికి పోయే పైపు 50 మిల్లీమీటర్లు దిగువన ఉండవలసింది, కొలిస్తే తేడా 10 మిల్లీమీటర్లే ఉంది.

తరువాత ట్యాంకరును పిలిపించాం. మడ్డిని ఎక్కడ పారబోస్తారన్నది నేను తప్పక అడిగే ప్రశ్న. పంట కాలువలోనో చేను గట్టునో వదిలేస్తే, మన పెరటి సమస్యను పక్క ఊరి తాగునీటిలోకి పంపినట్లే. నరసాపురంలో మలవ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంది కాబట్టి అక్కడికే తీసుకువెళ్లాలని, దూరానికి అదనపు కిరాయి ఇస్తామని ముందే మాట్లాడుకున్నాం. పంపు పీల్చలేని గట్టి మడ్డి అడుగున మిగిలినప్పుడు, “ఇద్దరు కుర్రాళ్లను దింపితే అరగంటలో బకెట్లతో ఎత్తేస్తారు కదండీ” అని మాస్టారు అన్నారు. ఆయన మాటలో దురుద్దేశం లేదు, ఊళ్లో చిరకాలంగా జరుగుతున్నదే ఆయన చెప్పారు. కానీ 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం సెప్టిక్ ట్యాంకులోకి ఇలా మనిషిని దింపడం నేరం. ఇటువంటి మరణానికి చెల్లించవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. చట్టం అటుంచినా, మీటరులో చూసిన ఆ అంకెల మధ్యకు ఎవరి బిడ్డనూ పంపడానికి నేను ఒప్పుకోను. మిగిలిన మడ్డిలోకి నీరు పట్టించి, పొడవాటి కర్రలతో పైనుంచే కలియబెట్టి, మళ్లీ పంపుతో లాగించాం.

ఖాళీ అయ్యాక టార్చి వెలుగులో పైనుంచి చూస్తే కారణం కనిపించింది. అడుగున కాంక్రీటు పలక లేదు. ఇటుకలు పరిచి వదిలేశారు, సందుల్లో సిమెంటు కూడా లేదు. ఇది నిర్లక్ష్యం వల్ల జరిగింది కాదు; ట్యాంకు త్వరగా నిండకుండా ఉండాలని ఇంటివాళ్లు కోరితే మేస్త్రులు కావాలనే అడుగు ఇలా వదిలేస్తారు. అటువంటి ట్యాంకు పేరుకే సెప్టిక్ ట్యాంకు, చేసేది సోక్‌పిట్ పని. నిర్ధారణ కోసం రెండు పైపుల నోళ్లూ మూసి, పైపు మట్టం దాకా మంచినీరు నింపి, గోడలు నీరు పీల్చుకోవడానికి ఒక రోజు ఇచ్చి, మళ్లీ మట్టానికి నింపి కొలిచాం. 24 గంటల్లో 22 సెంటీమీటర్లు, అంటే సుమారు 630 లీటర్లు నేలలోకి పోయింది. పెరట్లో గుంత తీసి, రాత్రంతా నానబెట్టి చేసిన ఇంకుడు పరీక్షలో నీరు 25 మిల్లీమీటర్లు దిగడానికి గంటన్నర పైగా పట్టింది. ఐఎస్ 2470 ప్రకారం గంట దాటితే ఆ నేలకు సోక్‌పిట్ పనికిరాదు.

ఆగస్టు తనిఖీ

వానాకాలంలో ట్యాంకును ఖాళీ చేయించలేదు, చేయించకూడదు కూడా. చుట్టూ నేలనీరు పైకి ఉన్నప్పుడు లోపల ఖాళీ చేస్తే ఇటుక గోడలు లోపలికి కూలవచ్చు, ప్లాస్టిక్ ట్యాంకయితే ఏకంగా నేలలోంచి పైకి తేలవచ్చు. ట్యాంకుకు మూడు మీటర్ల దూరంలో నేలను తొలిచే ఆగర్‌తో ఒక పరీక్ష రంధ్రం తవ్వి, అందులోని నీటి మట్టాన్నీ ట్యాంకులోని మట్టాన్నీ ఒకే లెవెల్ పైపుతో కొలిచాం. నేలనీరు భూమికి 45 సెంటీమీటర్ల లోతున ఉంది, ట్యాంకులో నీరు దానికి 2 సెంటీమీటర్ల తేడాతో అదే మట్టంలో ఉంది. బయటికి పోయే పైపు 50 సెంటీమీటర్ల లోతున ఉన్నది కాబట్టి ఆ పైపు కూడా మునిగిపోయింది. మేలో ట్యాంకు నేలలోకి కారింది, ఆగస్టులో నేల ట్యాంకులోకి కారుతున్నది. కింది లెట్రిన్‌లో నీళ్లు పోస్తే దిగకపోవడం, వానాకాలమంతా ఇంటిల్లిపాదీ మేడ మీది లెట్రినే వాడడం ఆ ఇంట్లో అలవాటుగా మారిపోయింది. దాన్ని జబ్బు లక్షణంగా వారెవరూ అనుకోలేదు.

పచ్చ రంగు కలిపిన నీటిని కింది లెట్రిన్‌లో పోసి వేచి చూస్తే, కొంతసేపటికి అది వీధి కాలువలో తేలింది. సోక్‌పిట్ అని చెప్పిన సిమెంటు వరల గొయ్యికి పైభాగంలో ఒక సన్నని పైపు పెట్టి, మట్టి కప్పి, వీధి కాలువలోకి కలిపారు. వరల లోపల తెట్టు గడ్డకట్టి దాదాపు పైదాకా నిండి ఉంది. మసాచుసెట్స్ నిబంధన ప్రకారం, నీరు ఇంకే ఏర్పాటులో ఏ భాగమైనా గరిష్ఠ నేలనీటి మట్టం కిందికి పోతే తనిఖీలో తప్పినట్లే. ఆ కొలమానంతో చూస్తే ఈ వరల గొయ్యి మొత్తం తప్పింది, డెల్టాలో అటువంటివి మరెన్నో తప్పుతాయి.

ఇంటి చేతిపంపు ట్యాంకుకు 9 మీటర్ల దూరంలో ఉంది. మురుగు నేలలో ఇంకే చోటుకీ తాగునీటి బావికీ మధ్య 18 మీటర్లు ఉండాలి. డెల్టాలో లోతుకు పోతే ఉప్పునీరు తగులుతుంది కాబట్టి అందరూ పైపొరలోని తీపినీటినే తోడుకుంటారు, మురుగు దిగేది కూడా ఆ పొరలోకే. పరీక్షకు పంపిన నీటిలో మలంలో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా ఉన్నట్లు తేలింది. ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో 100 మిల్లీలీటర్లకు అది ఒక్కటి కూడా కనపడకూడదు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దును దాటి 62 ఉంది. ఈ మాలిన్యమంతా ఈ ట్యాంకుదేనని నివేదికలో నేను రాయలేదు. పక్కింటి గేదెల పాక, అటుపక్క ఇళ్ల వరల గోతులు కూడా అదే నేలలో ఉన్నాయి. ఈ ఇంటివారు తాగడానికి టిన్నుల నీరు కొంటున్నారు గానీ గిన్నెలు తోమేది, పిల్లలకు స్నానం చేయించేది పంపు నీటితోనే.

మరమ్మతు

నివేదిక చూశాక మాస్టారు కొంత నొచ్చుకున్నారు, ఆపైన ధరలో మరమ్మతు ఖర్చు మేరకు తగ్గించడానికి ఒప్పుకున్నారు. పని మరుసటి వేసవిలో కాలువలు కట్టేశాక మొదలైంది. ట్యాంకు పైకప్పు పలకను పూర్తిగా తీసివేసి, లోపల కడిగించి, కొన్ని రోజులు ఎండకు వదిలి, బ్లోయరు పెట్టి, మీటరులో ఆక్సిజన్ మామూలుగా ఉందని చూశాకే, ఖాళీగా ఆరిన ఆ గుంతలోకి పనివారు దిగారు. అడుగున 15 సెంటీమీటర్ల మందంతో, ఊచలు గోడలలోకి దిగేలా కాంక్రీటు పలక వేయించాను. వానాకాలంలో నేలనీరు ఆ పలకను చదరపు మీటరుకు సుమారు ఒకటిన్నర టన్నుల బలంతో పైకి నెడుతుంది కాబట్టి ఊరికే సిమెంటు పూత పూస్తే పగిలిపోతుంది. గోడలకు నీరు దిగని మిశ్రమంతో ప్లాస్టరింగు, అడ్డుగోడ, బయటి పైపుకు టీ, రెండు గదులకూ నేల మట్టానికి వచ్చే మూతలు పెట్టించాం. గాలి గొట్టాన్ని మేడ మీది పిట్టగోడ దాటి రెండు మీటర్లు పెంచాం.

వరల గొయ్యిని తీసివేసి, ఆ చోట నీరు కింది నుంచి కంకర గుండా పైకి ఎక్కే ఫిల్టరు గది కట్టించాం. అక్కడి నుంచి చిన్న పంపు ఆ నీటిని పెరట్లో నేల మట్టానికి పైన కట్టిన ఇసుక, కంకర మడిలోకి ఎక్కిస్తుంది. మడికి అడుగున నీరు ఇంకని పూత వేసి, పైన మెట్టతామర నాటించాం. మడి అడుగున పోగైన నీరు చివరికి వీధి కాలువకే వెళుతుంది. ఇంకని బంకనేలలో అంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు, అయితే ఇప్పుడు వెళ్లే నీరు మునుపటి మురుగు కాదు. వాషింగ్ మెషీన్ నీటిని ట్యాంకు నుంచి విడదీసి అరటి పాదులకు మళ్లించాం.

ఆ సెప్టెంబరులో నేలనీరు భూమికి 40 సెంటీమీటర్ల దాకా ఎక్కినప్పుడు రెండు పైపుల నోళ్లూ రాత్రంతా మూసి ఉంచితే, తెల్లవారేసరికి ట్యాంకులో మట్టం మారలేదు. కింది లెట్రిన్ వాన రోజుల్లో కూడా వాడుకలోకి వచ్చింది. చేతిపంపు నీటిలో నైట్రేటు కొంత తగ్గింది గానీ ఈ.కోలై ఇంకా కనిపిస్తూనే ఉంది. ఒక్క ఇంటి ట్యాంకు బాగుపడినంత మాత్రాన వీధిలోని నేలనీరు బాగుపడదు కాబట్టి, ఆ నీటిని నోట్లో పోసుకోవద్దని, గిన్నెలకు చివరి కడుగు కాచిన నీటితోనే పెట్టాలని కుటుంబానికి రాసి ఇచ్చాను. ఇప్పుడు ఇంట్లో ఏడుగురున్నారు. మనిషికి ఏడాదికి సుమారు 75 లీటర్ల మడ్డి చేరుతుందన్న లెక్కన మొదటి గదిలో ఏడాదికి పాతిక సెంటీమీటర్లకు పైగా పెరగాలి. మొదటి ఏడాది చివర తువ్వాలు చుట్టిన పైపుతో కొలిస్తే 24 వచ్చింది. నీటి లోతు ఇప్పుడు 1.35 మీటర్లు, అందులో మూడో వంతు 45 సెంటీమీటర్లు. కాబట్టి రెండేళ్లకొకసారి, కాలువలు కట్టేసే మే నెలలో ట్యాంకరును పిలవాలని కొత్త యజమాని కరెంటు బిల్లులు దాచుకునే ఫైలులోనే తారీఖు వేసి రాసుకున్నారు.